ఫోను ఎవరి పేరున ఉంది?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను స్త్రీల ఆర్థిక స్వేచ్ఛ గురించి మాట్లాడమన్నారు. భూమి మీద హక్కు, ఇంటి పట్టా, వేతనాలు, స్త్రీధనం వీటన్నిటి గురించీ ఈ రెండు రోజుల్లో నాకంటే బాగా తెలిసినవాళ్లు మాట్లాడారు. నేను ఫోను కంపెనీ మారడం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త నవ్వారు. అదేమంత విషయమని వాళ్ల అనుమానం. 2013లో నాకూ అదే అనుమానం ఉండేది. ఒక ఫోను కనెక్షన్ మానుకుని ఇంకోటి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న మీద నేను మూడు వారాలు తర్జనభర్జన పడ్డాను. ఆ మూడు వారాల్లో కుటుంబం గురించి నేను నేర్చుకున్నది నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసంలో ఎక్కడా లేదు. అందుకని దాన్నే మీ ముందు పెడతాను.

అప్పుడు మేము అమెరికాలో న్యూజెర్సీలో ఉండేవాళ్లం. నా సహచరుడికి అక్కడ ఉద్యోగం. నేను అతని మీద ఆధారపడిన వ్యక్తిగా, హెచ్-4 వీసా మీద వెళ్లాను. ఈ వీసాను వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది దగ్గరికి అక్కడున్న కూతుళ్ల గురించి తల్లులు వస్తూనే ఉంటారు. అప్పట్లో హెచ్-4 వీసాదారులకు ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే నుంచి వాళ్లలో కొందరికి, అంటే భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్లకు, పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. పని చేసే అనుమతి లేనివాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. ఆ నంబరు లేకపోతే మనం అప్పు తీర్చగలవాళ్లమో కాదో చెప్పే క్రెడిట్ చరిత్ర తయారవడం కష్టం. ఆ చరిత్ర లేనివాళ్లకు ఇల్లు అద్దెకు దొరకడం, కరెంటు కనెక్షన్, నెలాఖరు బిల్లు మీద ఫోను, అన్నీ కష్టమే. కాబట్టి సహజంగానే అన్నీ భర్త పేరున ఉంటాయి. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు. దరఖాస్తు ఫారాలే ఆ పని చేసిపెడతాయి.

మా ఫోన్లు రెండూ ఒకే కుటుంబ ప్లానులో ఉండేవి. రెండేళ్ల ఒప్పందం. ఖాతాదారు ఆయన, నేను ఆ ఖాతాలో రెండో లైనును. ఆ రోజుల్లో అక్కడి కంపెనీలు ఖరీదైన ఫోనును తక్కువ ధరకు ఇచ్చి, రెండేళ్లు కదలకుండా ఒప్పందం రాయించుకునేవి. మధ్యలో మానుకుంటే రద్దు రుసుము కట్టాలి. 2010 నాటికి పెద్ద కంపెనీలలో స్మార్ట్ ఫోన్ల మీద ఇది 325, 350 డాలర్ల దాకా పోయింది. ఒప్పందంలో నెల గడిచేకొద్దీ పదేసి డాలర్లు తగ్గేది. నేను మానుకోవాలనుకున్న నాటికి ఇంకా పది నెలల గడువు ఉంది, కట్టవలసింది 210 డాలర్లు. అప్పుడు డాలరు అరవై రూపాయల చుట్టూ ఉండేది. అంటే పన్నెండున్నర వేల రూపాయలు. అక్కడ ఒక్క డాలరూ సంపాదించని మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ఎందుకు మానుకోవాలనుకున్నానో చెప్పాలి. న్యూజెర్సీలో దక్షిణాసియా స్త్రీల కోసం 1985లోనే మానవి అనే సంస్థ ఏర్పడింది. ఆ తర్వాత అమెరికా అంతటా అలాంటి బృందాలు చాలా వచ్చాయి. అలాంటిదే ఒక చిన్న బృందంలో నేను జీతం లేని కార్యకర్తగా చేరాను. ఉద్యోగం చేయనివ్వరు కానీ సేవ చేయనిస్తారు కదా. ఆఫీసు మూసేశాక హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫోన్లను వంతులవారీగా మా సొంత ఫోన్లకు మళ్లించేవారు. తెలుగులో మాట్లాడవలసినవి నాకు వచ్చేవి. నేను తిరిగి చేయవలసినవి కూడా నా ఫోను నుంచే చేసేదాన్ని.

ఒక ఆదివారం ఉదయం మా సహచరుడు ఆ నెల బిల్లు చూస్తున్నాడు. అతను ప్రతి బిల్లూ చూస్తాడు, కూరగాయల చీటీతో సహా. అనుమానపు మనిషి కాదు, లెక్కల మనిషి. "ఈ నంబరుతో నలభై నిమిషాలు మాట్లాడావే, ఎవరు?" అన్నాడు. ఎవరో స్నేహితురాలన్నాను. "ఈ నంబరు నా ఫోన్లో కూడా ఉన్నట్టుందే" అంటూ తన ఫోను కోసం లేచాడు.

ఉండే అవకాశం ఉంది. తెలుగువాళ్లు పండగలకు కలుసుకునే చోట్ల అందరి నంబర్లూ అందరి దగ్గరా ఉంటాయి. నాకు ఫోను చేసిన ఆమె భర్త, మా సహచరుడు ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారని నాకు అప్పటికే తెలుసు. ఆమెకు నేనెవరో తెలియదు. నేను ఆ కాగితం అతని చేతిలోంచి లాక్కుని, టీ ఒలికినట్టు చేసి, చెత్తబుట్టలో పడేశాను. నవ్వులాటగా గడిచిపోయింది. కానీ కంప్యూటర్‌లో ఆ ఖాతా తెరిస్తే ప్రతి నంబరూ, ప్రతి నిమిషమూ, మెసేజీ పంపిన ప్రతి వేళా అక్కడే ఉంటాయి. అతనికి తెరవాలనిపించకపోవచ్చు. ఆమె ప్రాణానికి మాత్రం అతని నిర్లక్ష్యమే రక్షణ అయితే అది రక్షణ అనిపించుకోదు.

ఆ రాత్రి లెక్క వేశాను. నా లైను తీసేస్తే మా బిల్లులో తగ్గేది నెలకు 40 డాలర్లు. బిల్లు రాని ప్రీపెయిడ్ కనెక్షన్ నెలకు 45. అంటే పది నెలలకు 50 డాలర్లు అదనం, పైన 210 రుసుము. మొత్తం 260 డాలర్ల నష్టం. ఒప్పందం ముగిసేదాకా ఆగితే ఒక్క డాలరూ నష్టం లేదు. ఏ వినియోగదారుల పత్రికను అడిగినా, ఏ బావగారిని అడిగినా "పది నెలలే కదా, ఆగు" అంటారు. లెక్క ప్రకారం అదే సరి. కానీ ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఒక గడి ఖాళీగా ఉంటుంది. ఆ పది నెలలూ ఏం జరుగుతుందో ఎవరూ అందులో రాయరు.

పాత ఫోను అలాగే ఉంచి, విడిగా ఇంకో ప్రీపెయిడ్ నంబరు తీసుకుంటే సరిపోదా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. రుసుము కంటే ఖర్చు ఎక్కువయ్యేది, అయినా వీలయ్యేదే. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కార్యకర్తలు తమ సొంత నంబరు ఎవరికీ ఇవ్వకూడదని మా బృందం నియమం. నేను ఒకామెకు ఇచ్చాను. హెల్ప్‌లైన్‌లో ఇంగ్లీషు గొంతు వినబడగానే ఆమె పెట్టేసేది. రెండుసార్లు అలా జరిగాక, మూడోసారి అదృష్టవశాత్తూ నాకు తగిలితే నంబరు చెప్పాను. రాసుకోనంది. ఇంట్లో కాగితం కనబడకూడదు. నా చేత నాలుగుసార్లు పలికించుకుని కంఠస్థం చేసుకుంది. మళ్లీ ఎప్పుడు చేస్తుందో తెలియదు, నేను ఆమెకు చేయడానికి వీల్లేదు. కాబట్టి కంపెనీ మారాలి, నంబరు మాత్రం మారకూడదు.

అమెరికాలో నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2003 నవంబరులో పెద్ద నగరాల్లో మొదలై, 2004 మే నాటికి దేశమంతా వచ్చింది. సరే, డబ్బు ఉంది. ఇక్కడ లెక్చరర్‌గా చేసినప్పటి నా పొదుపులోంచి తెచ్చుకున్నది. హక్కూ ఉంది. ధైర్యంగా కంపెనీకి ఫోను చేశాను. అరగంట సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. చాలా మర్యాదగా మాట్లాడింది. రుసుము ఎంతో చెప్పింది. ఇప్పుడే కడతానన్నాను. "సంతోషం. ఖాతాదారు పక్కన ఉన్నారా? ఆయనకు ఒకసారి ఫోను ఇస్తారా?" అంది.

ఖాతా నంబరు, రహస్య సంఖ్య, ఆయన అనుమతి ఇవి మూడూ లేకుండా నంబరును బయటికి పంపరు. నేను వాడే ఫోను, నా స్నేహితులంతా ఎరిగిన నంబరు, నేను కట్టే రుసుము, అయినా నేను ఆ ఒప్పందంలో మనిషిని కాదు. నేనొక లైనును. అప్పటిదాకా నాకు అడ్డంగా ఉన్నది 210 డాలర్లు అనుకున్నాను. ఆ రుసుము కట్టే అర్హత కూడా నాకు లేదని అప్పుడు తెలిసింది.

ఆయన్ను అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతాడు. ఆ ఎందుకు అన్నదానికి జవాబు నాది కాదు, ఇంకొక స్త్రీది. కారణం చెప్పకుండా సంతకం అడగడం భార్యాభర్తల మధ్య ఎంత పెద్ద నేరమో నాకు అప్పుడు అర్థమయింది. "నా పేరున ఉంటే ఏమిటి? మనిద్దరి మధ్య నీది నాది అని ఎప్పుడైనా ఉందా?" అన్నాడు. నిజమే, లేదు. ఎందుకు లేదంటే అన్నీ అతనివే కాబట్టి. ఆ మాట పైకి అనలేదు. "రెండు వందల డాలర్లు పోసి నా నుంచి దాచాల్సింది ఏముంది?" అన్నాడు. మంచివాడు, చదువుకున్నవాడు, మా సభలకు కుర్చీలు మోసినవాడు. అతను కూడా నాలుగు రోజులు తీసుకున్నాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మాటలు తగ్గాయి. ఫోను మోగితే ఎత్తడానికి భయపడ్డాను. ఐదో రోజు తనే కంపెనీకి ఫోను చేసి, స్పీకరులో పెట్టి, "ఆమె లైనును వదులుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని చెప్పాడు. వదులుకోవడం అన్న మాట దగ్గర ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రుసుము నా డబ్బుతోనే కట్టాను. దాని మీద మాత్రం నేను ఒప్పుకోలేదు.

(2014 జనవరిలో టి-మొబైల్ కంపెనీ, మా దగ్గరికి వచ్చేవాళ్ల రద్దు రుసుము లైనుకు 350 డాలర్ల దాకా మేమే కడతామని ప్రకటించింది. ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఉచితంగా అయ్యేదని మా సహచరుడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.)

ఇప్పుడు అక్కడ రెండేళ్ల ఒప్పందాలు దాదాపు పోయాయి. రద్దు రుసుము అన్న పేరూ పోయింది. దాని స్థానంలో ఫోను ఖరీదును 24 లేదా 36 నెలల వాయిదాలు చేసి, ప్రతి నెలా బిల్లులో కొంత రాయితీ ఇస్తారు. మధ్యలో వెళ్లిపోతే రాయితీ ఆగిపోతుంది, మిగిలిన ఖరీదంతా ఒకేసారి మీద పడుతుంది. పేరు మారింది కానీ తాడు తాడే.

కానీ ఒక మంచి పని జరిగింది. 2022 డిసెంబరులో అమెరికాలో సేఫ్ కనెక్షన్స్ చట్టం వచ్చింది. గృహహింసకు గురైన మనిషి తన లైనును హింసించేవాడి ఖాతా నుంచి వేరు చేయమని కోరితే, కంపెనీ రెండు పనిదినాల్లో వేరు చేయాలి. రద్దు రుసుము గానీ, జరిమానా గానీ అడగకూడదు. నంబరును వేరే కంపెనీకి తీసుకుపోకుండా అడ్డుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఖాతాదారు ఒప్పుకుంటేనే చేస్తామనకూడదు. నన్ను ఏ వాక్యం దగ్గర ఆపేశారో సరిగ్గా ఆ వాక్యాన్నే చట్టం కొట్టేసింది. చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయంటే నమ్ముతారో లేదో. అక్కడి సమాఖ్య కమ్యూనికేషన్ల కమిషన్ 2023 నవంబరులో దీనికి నిబంధనలు చేసింది. లైను వేరుచేసే నిబంధనలు 2024 జులై నుంచి అమలులోకి వచ్చాయి. హింసకు గురైనవారి హెల్ప్‌లైన్లకు చేసిన ఫోన్లు బిల్లుల్లో, కాల్ జాబితాల్లో కనబడకుండా చేయాలని కూడా ఆ కమిషన్ నిబంధనలే చెబుతాయి.

రుజువు కోసం పోలీసు కేసే ఉండాలని లేదు. లైసెన్సు ఉన్న సామాజిక కార్యకర్త, వైద్యులు, బాధితులకు సహాయపడే సంస్థవాళ్లు సంతకం చేసిన అఫిడవిట్ అయినా చాలు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఒక తల్లి వచ్చి, "మా అమ్మాయి ఫోను అల్లుడి ప్లానులో ఉందమ్మా, ఏం మాట్లాడినా అతనికి తెలుస్తోంది" అంటే మీరు చెప్పవలసింది ఇదీ. అక్కడి స్త్రీల సంస్థను పట్టుకోమనండి, ఈ చట్టం పేరు చెప్పి లైను వేరు చేయించమని అడగమనండి. ఆ మాట కూతురికి చెప్పడానికి అదే ఫోను వాడవద్దని కూడా చెప్పండి.

ఇక మన దగ్గరికి వద్దాం. మనకు రద్దు రుసుము బాధ దాదాపు లేదు, ఎక్కువమందివి ప్రీపెయిడ్ సిమ్‌లే. నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 జనవరి 20న దేశమంతా మొదలైంది. 1900కి ఒక మెసేజీ పంపితే కోడు వస్తుంది, దాన్ని పట్టుకుని కొత్త కంపెనీ దుకాణానికి వెళ్లడమే. రుసుము పది రూపాయలు కూడా ఉండదు. ఒక కంపెనీలో 90 రోజులు ఉంటే చాలు, మారిపోవచ్చు. కాబట్టి మన స్త్రీలు అమెరికా స్త్రీల కంటే స్వేచ్ఛగా ఉన్నారా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉందని చెప్పిన స్త్రీలు 54 శాతం. అంతకు ముందు, 2015-16లో 46 శాతం. పెరిగింది, సంతోషమే. పరిశోధకురాలిగా నేను ఎప్పుడూ చూసేది సర్వే ఏం అడగలేదా అని. మీరు వాడే ఫోను ఉందా అని అడిగారు. ఆ సిమ్ ఎవరి పేరున ఉందని అడగలేదు. కంపెనీ మారేటప్పుడు పేరు మార్చుకోవడం కుదరదు. పేరు మార్పు వేరే దరఖాస్తు, దానికి ఇప్పుడున్న పేరుగల మనిషి సమ్మతి కావాలి. న్యూజెర్సీలో ఆ అమ్మాయి అన్న మాటే ఇక్కడ కౌంటరు అబ్బాయి తెలుగులో అంటాడు: "మీ ఆయన్ను తీసుకురండమ్మా."

మన గృహహింస చట్టం, 2005 నాటిది, ఆర్థిక హింసను హింసగా గుర్తించింది. ఫోను ద్వారా వేధించకుండా ఆపమని మేజిస్ట్రేటును కోరవచ్చు. అంటే ఫోను హింసకు సాధనమని చట్టానికి తెలుసు. అది స్త్రీకి తలుపు కూడా అని ఇంకా తెలియదు. రెండు పనిదినాల్లో ఆమె నంబరును ఆమె పేరుకు మార్చి ఇవ్వాలన్న వాక్యం మనకు ఎక్కడా లేదు. దాని కోసం అడగవలసింది మనమే.

ఈ మధ్య పాతకాలపు ఎస్.టి.డి. బూతులు నాకు తరచుగా గుర్తొస్తాయి. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్రగా తిరిగే అంకెలు. మా అమ్మ నాన్నకు తెలియకుండా పిన్నితో మాట్లాడటానికి అక్కడికే వెళ్లేది. డబ్బు కట్టి, చిన్న చీటీ తీసుకుని, మురికి కాలవలో పడేసి ఇంటికి వచ్చేది. ఏ బిల్లూ వెనకాల రాలేదు. మా ఇంట్లో ఫోను నాన్న పేరున, డైరెక్టరీలో నాన్న పేరు. ఫోను చేతికి వచ్చాక స్త్రీలకు గోప్యత పెరిగిందని అందరూ రాస్తారు. నేను అంత తొందరగా ఒప్పుకోను.

ఆచరణకు సంబంధించిన రెండు మాటలు. మన దగ్గరికి వచ్చిన స్త్రీ చేత ఆవేశంలో పాత సిమ్ విరిచి పారేయించకండి. బ్యాంకు, ఆధారు, గ్యాసు, పిల్లల బడి అన్నిటి ఓ.టి.పి.లూ దానికే వస్తాయి. వాడకుండా వదిలేస్తే నంబరు ఆగిపోతుంది, కనీసం 90 రోజుల తర్వాత మరెవరికో ఇస్తారు. ఆ ఓ.టి.పి.లు ఆ కొత్త మనిషికి పోతాయి. ముందు ఆమె పేరున కొత్త సిమ్ తీయించండి, ఒక్కొక్కటిగా కొత్త నంబరుకు మార్పించండి, పాతది చివర. మరొకటి, పాత సిమ్ భర్త పేరున ఉంటే పోయిందని చెప్పి నకలు తీసుకునే వీలు అతనికి ఉంటుంది. బ్యాంకు నంబరును మొట్టమొదట మార్చమనేది అందుకే.

నంబరు కంఠస్థం చేసుకున్న ఆమె గురించి అడుగుతారని తెలుసు. కంపెనీ మారిన పదకొండు వారాలకు చేసింది, ఒక కిరాణా దుకాణం ఫోను నుంచి. "మీరేనా?" అంది. నేనేనన్నాను. ఆ తర్వాతి సంగతి ఆమెది, ఇక్కడ చెప్పను.

ఇప్పుడు టీ వస్తోంది. ఈలోగా మీ చేతుల్లో ఉన్న ఫోన్లు తీయండి. సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైటులో మీ నంబరు కొడితే ఓ.టి.పి. వస్తుంది. అది ఇస్తే అదే పేరున ఇంకా ఏయే నంబర్లు ఉన్నాయో కనిపిస్తాయి. మీరు ఎరగని నంబర్లు చాలా కనిపిస్తే, అందులో మీ ఇంటాయన నంబరు కూడా ఉంటే, ఆ సిమ్ ఎవరి పేరున ఉందో మీకే తెలుస్తుంది. లెక్క కాగితం మీద రాసి నాకివ్వండి, మీ పేర్లు వద్దు. టీ తర్వాత ఆ లెక్కతోనే చర్చ మొదలుపెడదాం.